చర్చిని మెచ్చుకోవడం, ప్రశ్నించడం: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, జనగామ, మహబూబాబాద్ వైపు సంఘాల్లో ఆరాధన అయ్యాక మెట్ల మీద, యూత్ మీటింగుల్లో, పెళ్లి భోజనాల దగ్గర మళ్లీ మళ్లీ వినబడే ప్రశ్నలివి. కొన్ని విశ్వాసులు అడిగినవి, కొన్ని చర్చి గడప తొక్కనివాళ్లు అడిగినవి. జవాబులు రాసింది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి, ఇప్పటికీ ఆదివారం అక్కడే కూర్చునే మనిషి. కాబట్టి ఆ వాసన కొంత తగులుతుంది, సర్దుకోండి.

అసలు మీరు చర్చి వైపా, విమర్శకుల వైపా?

చర్చి వైపే. ఆదివారం కానుక వేస్తాను, జనరల్ బాడీ మీటింగులో లేచి లెక్క అడుగుతాను. రెండో పని చేసినప్పుడల్లా "ఏమైంది, విశ్వాసం సల్లబడ్డదా?" అని పలకరించేవాళ్లుంటారు. సల్లబడితే ఇంట్లోనే పడుకునేవాణ్ని కదా, మీటింగుకెందుకు వస్తాను.

చర్చి గురించి తూకంగా మాట్లాడాలంటే సగం పొగడ్త, సగం విమర్శా?

కాదు. అలా కొలిచి మాట్లాడేవాళ్లు చివరికి ఏమీ చెప్పరు. బైబిల్లోనే దీనికి మంచి నమూనా ఉంది. ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాల్లో ఏడు సంఘాలకు క్రీస్తు రాయించిన ఏడు ఉత్తరాలున్నాయి. ఎఫెసు సంఘానికి ముందు మెప్పు దొరుకుతుంది: కష్టపడ్డారు, సహించారు, దొంగ అపొస్తలులను పరీక్షించి పట్టుకున్నారు. ఆ వెంటనే, మొదట ఉన్న ప్రేమను వదిలేశారన్న తప్పు మోపుతాడు. స్ముర్న, ఫిలదెల్ఫియ సంఘాలకు ఒక్క తప్పూ ఎంచడు. లవొదికయ సంఘానికి ఒక్క మెప్పూ ఉండదు. ఏడుగురికీ సమానంగా పంచాలని ఆ ఉత్తరాలు రాయించినవాడు అనుకోలేదు. ఎవరి పనిని బట్టి వాళ్లకు.

నా పద్ధతి చిల్లర కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. జమ ఒక వైపు, బాకీ ఒక వైపు. ఒక్కటే తేడా: ఇక్కడ చెల్లు వేయకూడదు. మిషన్ ఆసుపత్రిలో వెయ్యి మంది బతికారని, హాస్టల్లో ఒక పిల్లకు జరిగిన అన్యాయం మాఫీ కాదు. ఆ అన్యాయం జరిగిందని ఆ వెయ్యి మంది బతకడం అబద్ధమూ కాదు. మన వాదనలు చాలావరకు చెడిపోయేది ఈ చెల్లు వేసే దగ్గరే. ఒకాయన కుంభకోణం అంటాడు, ఇంకొకాయన "మరి మదర్ థెరిసా?" అంటాడు. రెండూ రెండు వేర్వేరు పేజీలు.

"నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యం ఉంది కదా? పాస్టర్ గారిని ప్రశ్నిస్తే శాపం తగలదా?

ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

ఆ మాట కీర్తనలు 105:15లో ఉంది. దాని పై వచనాలు చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించిన కీర్తన అది. అప్పటికి వాళ్లు గుప్పెడు మంది. సొంత జాగా లేదు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నారు. వాళ్ల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించాడు అని కీర్తనకారుడు చెబుతున్నాడు. బలవంతుల చేతుల నుంచి బలహీనులను కాపాడిన మాట అది. ఇప్పుడు మైకు, తాళాలు, బ్యాంకు ఖాతా అన్నీ చేతిలో ఉన్న మనిషి, కూలికి పోయి కానుక వేసే ముసలవ్వ మీదికి అదే వచనం ఎక్కుపెడితే ఏమనాలి? ఇందులో రాజు ఎవరో, జాగా లేక తిరిగే బీదలు ఎవరో మీరే తేల్చుకోండి.

ఇక దావీదు సంగతి. తనను తరుముతున్న సౌలు రాజు అభిషిక్తుడని దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. మొదటి సమూయేలు 24లో గుహ దగ్గర జరిగిన కథ పాస్టర్లు బాగా చెబుతారు. కానీ అదే అధ్యాయంలో దావీదు గుహలోంచి బయటికొచ్చి, అందరూ వినేలా సౌలును పిలిచి, నన్నెందుకు తరుముతున్నావని నిలదీస్తాడు. చెయ్యి వేయలేదు గానీ నోరు కట్టుకోలేదు. తర్వాత అదే దావీదు రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురును పౌలు ముఖాముఖిగా ఎదిరించాడని గలతీయులకు 2:11లో ఉంది. పేతురు కంటే పెద్ద పాస్టర్ గారు మన జిల్లాలో ఎవరూ లేరనుకుంటా.

శాపం సంగతి అంటారా, ఆ భయం పెట్టేవాళ్లను ఒక్కటి అడగండి: అడిగింది తప్పయితే తప్పని చూపించండి, లెక్క పుస్తకం తెరవండి, శాపం ఎందుకు?

మరి "తీర్పు తీర్చకుడి"?

మత్తయి 7:1. అదే అధ్యాయం అయిదో వచనంలో ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుని కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అని ఉంది. నలుసు తీయొద్దని లేదు. పదహారో వచనంలో ఫలాలను బట్టి తెలుసుకోమని కూడా ఉంది. ఒక్క వచనం చదివి పుస్తకం మూసేస్తే ఇదే ఇబ్బంది.

చర్చి మన వైపు నిజంగా చేసిందేమిటి? మీటింగుల్లో చెప్పే గొప్పలు కాకుండా?

గొప్పలు పక్కన పెట్టినా మిగిలేది చాలానే ఉంది. నాకు ముందు గుర్తొచ్చేది నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి. 1915 ప్రాంతంలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇద్దరూ మెథడిస్టు మిషనరీలు. కుష్ఠు వచ్చినవాణ్ని ఊరి బయటకి నెట్టే రోజులవి. ఈ రోజు వాడే మందులేవీ అప్పటికి లేవు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చేవాళ్లు, అది గుచ్చితే నొప్పి మామూలుగా ఉండేది కాదట. ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఆసుపత్రికి ఆసరాగా నిలిచిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మిషన్ చరిత్ర చెప్పేటప్పుడు మనవాళ్లు కెర్ దంపతుల పేర్లు గట్టిగా చెప్పి నర్సాగౌడ్ పేరు మింగేస్తారు. మెచ్చుకోవడంలో కూడా న్యాయం ఉండాలి.

మెదక్ చర్చి అందరికీ తెలుసు. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో పని, తిండి దొరుకుతాయని జనం వచ్చి కట్టిన కట్టడం. అంత తిండి లేని కాలంలో అంత పెద్ద గుడి అవసరమా అని అడిగేవాళ్లు ఉన్నారు, అడగాల్సిన ప్రశ్నే. ఉత్త చేతులతో దానం అడగకుండా కూలి చేసి తిన్నామన్న గౌరవం ఆ కూలీలకు మిగిలిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ సరిగ్గానే అనిపిస్తాయి.

మన ఓరుగల్లు సంగతికొస్తే, అమెరికన్ బాప్టిస్టులు 1879లో హనుమకొండలో మిషన్ పెట్టారు. ఆసుపత్రి, బడులు దాని వెంట వచ్చాయి. జనగామలో ప్రెస్టన్ బడి వాళ్లదే. కథోలికుల వైపు వరంగల్ మేత్రాసనం (డయాసిస్, అంటే ఒక బిషప్ కింది ప్రాంతం) 1952లో ఏర్పడింది, ఇటలీ నుంచి వచ్చిన పీమె అనే మిషనరీ సభ ఫాదర్లు దాని పునాది. కాజీపేట ఫాతిమానగర్‌లో కథీడ్రల్, సెయింట్ గాబ్రియేల్స్ బడి, సెయింట్ ఆన్స్ ఆసుపత్రి ఉన్నాయి. ఆ బడిలో చదివి ఇవాళ చర్చిని తిట్టిపోసే ఇంజినీర్లు కూడా మా కాలనీలో ఉన్నారు. తిట్టడానికి కావలసిన ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నారు.

ఇవన్నీ పెద్ద పేర్లు. నిజానికి నేను ఎక్కువ విలువిచ్చేది ఊళ్లలోని బోర్డింగులకు. వెట్టి చేసే ఇంట్లో పుట్టిన పిల్లవాడు మిషన్ బోర్డింగులో చేరి, రెండు పూటలా గట్క తిని, ఎస్సెస్సీ దాటి టీచరో, నర్సో, రైల్వే ఉద్యోగో అయ్యాడు. ఉత్తర తెలంగాణలో ఏ దళిత క్రైస్తవ కుటుంబాన్ని కదిలించినా తాత ముత్తాతల్లో ఇలాంటి ఒకరు తగులుతారు.

బియ్యం కోసం, పాలపొడి కోసం మతం మారారంటారు. నిజమేనా?

కొందరి విషయంలో ఆశ పని చేసి ఉండొచ్చు. కానీ ఈ మాట అనేవాళ్లు ఒక సంగతి చూడరు. 1876-78 కరువులో ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వందలాది మంది అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సహాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బియ్యం అయిపోయాక వచ్చినవాళ్లను ఏమందాం?

ఇంకో మాట. మాదిగవాడ, మాలవాడ మనిషి తన దేవుణ్ని తానే ఎంచుకున్నాడని ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. ఎవరో కొన్నారంటేనే వాళ్లకు నెమ్మది. బావి దగ్గరికి రానివ్వని ఊళ్లో తనను పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాడి వైపు మనిషి నడవడంలో వింతేముంది?

అలాగని ప్రలోభం పెట్టి మార్చడం తప్పు కాకుండా పోదు. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇస్తుంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకునే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు కలిసి లేదని చెప్పింది. ఆ తీర్పుతో విభేదించేవాళ్లున్నారు, కానీ ఈ రోజుకు చట్టం అదే. జబ్బుతో, అప్పుతో కుంగిపోయి ఉన్నవాడి ఇంటికెళ్లి "మా దేవుణ్ని నమ్మకపోతే ఇంకా నాశనమైపోతావ్" అనే పద్ధతిని మనమే ముందు ఖండించాలి. ఎదుటివాళ్ల దేవుళ్లను స్టేజీ మీద హేళన చేయడం కూడా ఇందులోకే వస్తుంది. అది సువార్త కాదు, పొగరు.

మిషనరీలు తెల్లదొరల మనుషులే కదా?

ఉత్తర తెలంగాణ నిజాం రాజ్యం. ఇక్కడ బ్రిటిష్ కలెక్టరు లేడు. అయినా తెల్ల మిషనరీల్లో దొరతనం లేదని చెప్పలేం. ఆ మాట అప్పట్లోనే, వాళ్ల మొహం మీదే అన్నవాడు మన డోర్నకల్ మనిషే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని పని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. పాశ్చాత్య మిషన్ పెద్దలంతా కూర్చుని ఉన్నారు. అజరయ్య లేచి మిషనరీల త్యాగాన్ని, కష్టాన్ని భారత సంఘం తరతరాలూ గుర్తుంచుకుంటుందని ముందు చెప్పాడు. తర్వాత, మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాన్ని కాల్చుకోవడానికి ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. తెల్ల మిషనరీ తన కింది భారతీయ పనివారితో కలిసి ఒక బల్ల దగ్గర అన్నం తినని రోజుల్లో ఆ మాట సభలో చాలామందికి మింగుడు పడలేదు.

ఆ ప్రసంగంలో పొగడ్త విమర్శను పలుచన చేయలేదు. విమర్శ కృతజ్ఞతను అబద్ధం చేయలేదు. తర్వాత రెండేళ్లకు, 1912 డిసెంబరులో, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా డోర్నకల్‌కే అభిషేకం పొందాడు. నోరు విప్పితే భవిష్యత్తు పోతుందని భయపడే మన యువ పాస్టర్లకు ఈ సంగతి చెప్పాలి. డోర్నకల్ వెళ్తే 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్ చూడండి. గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని తలపిస్తాయి. ఇంగ్లండ్ నుంచి ఊడబెరికి తెచ్చి నాటినట్టుండదు.

చర్చిలో కులం ఉందా?

ఉంది. లేదని చెప్పేవాళ్లతో నేను వాదించను, పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపు ఒకటి తెరిచి చూపిస్తాను. "క్రిస్టియన్ మాల", "క్రిస్టియన్ మాదిగ", "క్రిస్టియన్ రెడ్డి" అని పక్కనే రాసి ఉంటుంది. ప్రకటన మొదటి వాక్యం "దేవుని మహాకృప వలన".

ఒకే ఊళ్లో, ఒకే డయాసిస్ కింద, మాలవాడలో ఒక గుడి, మాదిగవాడలో ఒక గుడి ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది. ఒకే కీర్తన పాడతారు, ఒకే అయ్యగారు పొద్దున అక్కడ, పదకొండింటికి ఇక్కడ ఆరాధన చేస్తారు, క్రిస్మస్ స్టార్ మాత్రం రెండు కడతారు. కమిటీ ఎన్నికలొస్తే మాత్రం ప్యానెళ్లు కులాన్ని బట్టే తయారవుతాయి. అజరయ్య కులాన్ని సంఘంలోకి రానివ్వకూడదని గట్టిగా పట్టుబట్టిన మనిషి. ఆయన మేత్రాసనంలోనే ఇదీ పరిస్థితి.

కథోలిక సంఘం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సభ దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ, సంఘంలో దళితుల పట్ల అంటరానితనం, వివక్ష ఉన్నాయని బాహాటంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని కార్డినల్ అయ్యారు. ఆ హోదాకు చేరిన మొదటి దళితుడు ఆయనే. రెండింటినీ మెచ్చుకోవాలి. మెచ్చుకున్నాక, మీ పారిష్‌లో కౌన్సిల్ సభ్యులు ఏ వాడ నుంచి ఉన్నారో కూడా చూడాలి.

క్రైస్తవులమైతే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందట. అందుకే చాలామంది దాస్తారు. అది మోసం కాదా?

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు, వాళ్ల సంతానం వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి గ్రూపులోకి వస్తారు, రిజర్వేషన్ వాటా 1 శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఈ మతపరమైన ఆంక్ష తీసేయమంది. ఇదే సంగతి పరిశీలించమని 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

దాచడం సరైంది కాదు. కానీ దాచే పరిస్థితి కల్పించిన నిబంధనను, పిల్లవాడి ఇంజినీరింగ్ సీటు కోసం దాచిన తండ్రిని ఒకే గాటన కట్టను. 2011 లెక్కల్లో తెలంగాణ క్రైస్తవులు సుమారు 1.3 శాతం. క్రిస్మస్ రోజు మన వాడల్లో వెలిగే నక్షత్రాలను చూసినవాళ్లెవరూ ఆ అంకెను పూర్తిగా నమ్మరు. నా కోపం ఇక్కడ చర్చి పెద్దల మీద: బడుల మైనారిటీ హోదా కోసం కోర్టుల దాకా పోయే సంఘం, బీద సభ్యుడి ఈ బాధ కోసం ఏడాదికి ఒక రోజు నల్ల రిబ్బన్ కట్టుకుని సరిపెడుతుంది.

కానుకల లెక్క అడగొచ్చా?

అడగాలి. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగు చేసినప్పుడు, ఆ డబ్బు విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని తనతో పాటు సంఘాలు ఎన్నుకున్న మనుషులను పంపించాడు. రెండో కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఉంది. పౌలే తన మీద తానే కాపలా పెట్టుకున్నాడు. మలాకీ 3:10 చదివి దశమ భాగం అడిగేవాళ్లు, అదే పుస్తకం మొదటి రెండు అధ్యాయాల్లో దేవుడు యాజకులను ఎలా కడిగేశాడో కూడా చదివితే బాగుంటుంది.

మా వైపు పంట పండుగ చూశారా? సొరకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, కొత్త వడ్లు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. ఒక గుమ్మడికాయను ఒకాయన పాడుకుంటాడు, డబ్బు కట్టి "మళ్లీ గుడికే" అంటాడు. అదే కాయ ఇంకొకామె పాడుతుంది, ఆమే మళ్లీ ఇచ్చేస్తుంది. అలా తిరిగి తిరిగి ఒక్క కాయ మీద ఒక కూలి మనిషి నెల సంపాదనంత లేస్తుంది. ఎవరి ముఖం చూసినా నవ్వే. సెక్రటరీ పక్కన నిలబడి వందపేజీల నోటుబుక్కులో పెన్సిల్‌తో రాస్తుంటాడు. నా ప్రశ్న ఆ నోటుబుక్కు గురించే. పెన్సిల్ ఎందుకు? సోమవారం అది ఎవరింట్లో ఉంటుంది?

పెద్ద గొడవలు అక్కర్లేదు. కానుక సంచి లెక్కించేటప్పుడు ఒకే కుటుంబం కాని ముగ్గురు ఉండాలి. మొత్తం అక్కడే పెన్నుతో రాసి సంతకాలు పెట్టాలి. నెలకోసారి జమ, ఖర్చు నోటీసు బోర్డు మీద అంటించాలి. డబ్బు సంఘం పేరు మీది ఖాతాలోకి పోవాలి. పాస్టర్ గారి సొంత నంబరుకు ఫోన్‌పే చేయమంటే వద్దనండి. సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే 2001 సొసైటీల చట్టం కింద ఏటా జనరల్ బాడీ పెట్టాలి, లెక్కలు చూపాలి. స్వతంత్ర సంఘాల్లో ఆస్తి పాస్టర్ గారి పేరు మీదో, అమ్మగారి (పాస్టర్ గారి భార్య) పేరు మీదో ఉంటుంది. అది సంఘం ఆస్తి అనుకుని ఇటుకకు ఇంత అని ఇచ్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి.

డయాసిస్ భూములు, కోర్టు కేసులు చూస్తే అసహ్యమేస్తుంది.

నాకూ అంతే. 2024లో సీఎస్ఐ సినడ్ (మొత్తం సంఘాన్ని నడిపే పై సభ) పాలన చూడటానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు మాజీ న్యాయమూర్తులను పెట్టాల్సి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలవాళ్లు పాత గొడవలు మరిచి ఒక్కటైన సంఘమది. ఇక్కడ మెచ్చుకోలు వెతికే పని పెట్టుకోకండి. ఓటు ఉన్నవాళ్లు ఓటు వేయండి, బిర్యానీ తిని వేయకండి.

స్వస్థత కూటాలను ఏమనాలి?

జబ్బు పడ్డవాడి మంచం పక్కన మోకరించి ప్రార్థించడం సంఘం చేసే అందమైన పనుల్లో ఒకటి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో, తమకేమీ కాని రోగుల దగ్గర కూర్చుని, పండ్లు పెట్టి, ప్రార్థన చేసి వెళ్లే స్త్రీల సమాజం అక్కలను చూశాను. వాళ్లెప్పుడూ ఫ్లెక్సీ కట్టలేదు.

ఫ్లెక్సీ కట్టేవాళ్లతోనే పేచీ. క్యాన్సర్, షుగర్, మూర్ఛ పోతాయని రాసి, స్టేజీ మీద కర్రలు పారేయించి, సాక్ష్యాలు చెప్పించి, చివర్లో కానుక కవర్లు పంచుతారు. నయమైతే దైవజనుడి గొప్ప, నయం కాకపోతే రోగి అవిశ్వాసం. మంత్రతంత్రాలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం ఒకటి నిషేధించింది. ఎవరైనా ఇన్సులిన్ ఆపమన్నా, టీబీ గోళీలు మానమన్నా అక్కడితో ఆయన మాట వినడం ఆపండి. డిచ్‌పల్లిలో కెర్ దంపతులు ప్రార్థించారు, సూదీ వేశారు.

హాస్టల్లోనో, సంఘంలోనో లైంగిక వేధింపు జరిగితే "సంఘం పరువు" అని లోపలే సర్దమంటున్నారు.

సర్దకండి. బాధితులు 18 ఏళ్ల లోపువాళ్లయితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి, సంస్థ పెద్ద దాచితే ఏడాది దాకా జైలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ముందు బిషప్ గారికి చెప్పి, ఆయన కమిటీ వేసి, ఆ కమిటీ ప్రార్థించి అనే వరుస ఇక్కడ పనికిరాదు. ఈ ఒక్క ప్రశ్నకు తూకం, సమతూకం అనే మాటలు ఎవరు ఎత్తినా నాకు అనుమానమే.

ఆదివారం మైకు గోల?

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ నిషేధం. గుడికి, మసీదుకు, చర్చికి ఒకటే రూలు. పగలైనా పక్కింట్లో ఇంటర్ పరీక్షలున్న పిల్ల ఉంటే తగ్గించండి.

ఆడవాళ్ల సంగతి ఏ వైపు రాస్తారు?

రెండు వైపులా. ఊరూరా తిరిగి ఇంటి ఆడవాళ్లకు చదవడం నేర్పిన బైబిల్ స్త్రీలు లేకపోతే మన సంఘాలు లేవు. సీఎస్ఐ 1970ల నుంచే స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇస్తోంది, 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. దేశంలోని పెద్ద సంఘాల్లో ఎంతో ముందున్న అడుగు. అయినా మన పాస్టరేట్ కమిటీ మీటింగులో టీ ఎవరు తెస్తున్నారో, కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో చూడండి. ఉపవాస ప్రార్థనకు తొంభై మంది ఆడవాళ్లు, పది మంది మగవాళ్లు వస్తారు. కమిటీలో ఆ లెక్క తిరగబడుతుంది.

నేను క్రైస్తవుణ్ని కాదు. విమర్శించే హక్కు నాకుందా?

ఉంది. మీ పిల్లలు మిషన్ బడిలో చదువుతుంటే, మీ వీధిలో చర్చి ఉంటే ఇంకా ఉంది. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే, మీ గుడి ట్రస్టు బోర్డు మీద ఏ గజంకట్టె వాడతారో ఇక్కడా అదే వాడండి. ఒక పాస్టర్ మోసం చేస్తే ఆ పాస్టర్ పేరు చెప్పండి, "ఈ క్రైస్తవులంతా ఇంతే" అనకండి. లెక్క అడగడం వేరు, ప్రార్థన జరుగుతున్న ఇంటి మీదికి గుంపుగా పోయి బైబిళ్లు లాక్కోవడం వేరు. రెండోది నేరం, విమర్శ ఖాతాలో రాయలేం.

సంఘంలో తప్పు కనిపించింది. వాట్సాప్ గ్రూపులో పెట్టనా?

ముందు ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడండి, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లండి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పండి. మత్తయి 18 వరుస ఇది. మనవాళ్లు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి, అర్ధరాత్రి పన్నెండింటికి ఆడియో మెసేజ్ పెట్టి, పొద్దున డిలీట్ చేస్తారు. నేరం అయితే ఈ వరుస వర్తించదు, పైన చెప్పాను.

చెప్పేటప్పుడు తేదీ, మొత్తం, ఏం జరిగిందన్నది కాగితం మీద పెట్టండి. "పాస్టర్ గారు డబ్బు మనిషి" అంటే ఆయన ఏడుస్తారు, మీరు ఓడిపోతారు. "ఏప్రిల్‌లో ప్రహరీ గోడకు వసూలైన డబ్బు రసీదులు ఎక్కడ?" అంటే జవాబు చెప్పాల్సిందే. అపొస్తలుల కార్యాలు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ తిండి సరిగా అందడం లేదని వాళ్ల తరఫువాళ్లు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును తిరుగుబాటు అనలేదు. ఏడుగురిని ఎన్నుకుని పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, గమనించారా? ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే గరిటె ఇచ్చారు.

ఎప్పుడూ పాస్టర్లనే అంటారు. వాళ్ల కష్టం కనబడదా?

కనబడుతుంది. జెట్ విమానాల్లో తిరిగే పాస్టర్లు టీవీలో ఉంటారు. ములుగు, భూపాలపల్లి లోపలి ఊళ్లలో సంఘ కాపరికి పాత బండి, ఇద్దరు పిల్లల ఫీజు, మూడు నెలలకోసారి వచ్చే జీతం. అర్ధరాత్రి ఎవరో పురుగుల మందు తాగారని ఫోన్ వస్తే ముందు లేచేది ఆయనే. శవం దగ్గర, పోలీస్ స్టేషన్ దగ్గర, అత్తింట్లో దెబ్బలు తిన్న పిల్ల వెంట ఉండేది అమ్మగారే. వాళ్లను మెచ్చుకోవడమంటే క్రిస్మస్‌కు శాలువా కప్పడం కాదు. జీతం నెల మొదట్లో అందేలా చూడండి, పీఎఫ్ కట్టండి, వారానికో రోజు ఆయన ఫోన్ ఎత్తకపోతే ఊరుకోండి. సరైన జీతం ఇచ్చే సంఘానికే గట్టిగా లెక్క అడిగే నోరుంటుంది.

అన్నీ చేశాను, మారలేదు. వేరే సంఘానికి వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు ఆవేశంలో కాగితాలు మరిచిపోకండి. మీ బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్ల నకళ్లు, సభ్యత్వ బదిలీ ఉత్తరం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. పిల్లల వీసాల దగ్గర పెళ్లి సర్టిఫికెట్‌తో పని పడుతుంది. రెండోది, సమాధుల స్థలం ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి. చాలా ఊళ్లలో అది పాత మిషన్ సంఘం చేతిలోనే ఉంటుంది, కొత్తగా పెట్టిన స్వతంత్ర సంఘానికి ఉండదు. ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల జంట సమాధి మాటేమిటో కమిటీతో ముందే రాయించుకోండి. శవం వాకిట్లో పెట్టుకుని ఆ బేరం ఆడటం ఏ కుటుంబానికీ రాకూడదు, మా దగ్గర కొన్ని కుటుంబాలకు వచ్చింది.